నాలుగో జ్వరంలో రెండో స్విచ్చి

చలికి పట్టుపురుగులు చచ్చిపోకుండా కాపాడబోయి, పట్టపగలు మా ఊరిమీదికి లేని ఏనుగును తోలిన ఘనత నాది. నాలుగేళ్ళయింది. ఇప్పటికీ కెలమంగలం బస్సులో నా పక్కన కూర్చునే ఆడమనిషి ముందు నా ఒడిలో ఏముందో చూసి, ఆ తర్వాతే సీటులో సర్దుకుంటుంది. వేరేవాళ్ళు ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ ఏనుగుకు కొత్తగా దంతాలు మొలుస్తున్నాయి. అందుకే ఓపిక లేకపోయినా నేనే రాస్తున్నాను.

పట్టుపురుగు గూడు కట్టేలోపల నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాము. జ్వరంలో అది ఆకు ముట్టదు, తల పైకెత్తి రాయిలా నిలిచిపోతుంది. అప్పుడు దాన్ని కదిలించకూడదు, చలి తగలనీయకూడదు. నాలుగోది ఆఖరి జ్వరం. అది చెడిందంటే అన్నాళ్ళ చాకిరీని గంపలకెత్తి దిబ్బలో పోయాల్సిందే. అప్పటికే ఆకు కోసి, మోసి, పరిచి నా నడుము నాది కాకుండా పోయింది. పురుగులకు జ్వరం వస్తే నాకు సెలవు. నాకు జ్వరం వస్తే మాత్రం సెలవు లేదు.

మార్గశిరం. ఆగని తుంపర. ఆ పొద్దున పురుగుల ఇంట్లో ఉన్న కరెంటు హీటరు కాలిపోయింది. దానికి రెండు కడ్డీలు, రెండు స్విచ్చిలు. ఒకటి వేస్తే ఒక కడ్డీ, రెండోది వేస్తే రెండో కడ్డీ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా పతనం ఇందులోనే ఉంది. బొగ్గుల కుంపటి పెడదామంటే బొగ్గులు తడిసి పొగ తప్ప నిప్పు రాలేదు. పొగ పురుగులకు పడదు.

మా ఆయన హీటరును గోనెసంచిలో చుట్టుకుని రిపేరుకని కెలమంగలం బయలుదేరాడు.

"నారాయణమ్మా, రెండు గంటల్లో వస్తాను. తలుపు గూడా కిర్రుమననీయొద్దు. పురుగులు జ్వరంలో ఉండాయి."

"నేనేమన్నా ఆడ డాన్సు కడతానా?"

"నువ్వు ఊరికే కూర్చోలేవు. అదే నా భయము."

ముప్పై ఏళ్ళు కాపురం చేసినవాడి భయాన్ని తేలిగ్గా తీసుకున్నాను.

వేడి కొలిచే గాజుగొట్టంలో ఎర్రగీత నెమ్మదిగా దిగుతోంది. దాన్ని చూస్తూ కూర్చుంటే నా కళ్ళు మూలనున్న యాంప్ మీద పడ్డాయి.

అది మా అమ్మాయి భాగ్యది. హోసూరులో ఫ్యాక్టరీలో పనిచేస్తుంది, ఆదివారాలు స్నేహితురాళ్ళతో కలిసి గిటారు వాయిస్తుంది. మా ఇంట్లో ఎలుకలు తిరగని చోటు పురుగుల ఇల్లొక్కటే కాబట్టి గిటారూ, దాని శబ్దాన్ని పెద్దది చేసి వినిపించే ఈ యాంప్ అనే పెట్టె, రెండూ అక్కడే ఉంటాయి. పెట్టె వెనక పక్క తెరిచి ఉంటుంది. లోపల పాతకాలం రేడియోల్లో ఉన్నట్టు గాజు బుడ్లు. ఒకరోజు నాకు విడమరిచి చెప్పింది కూడా.

"ముందు ఈ స్విచ్చి అమ్మా. బుడ్లు ఎర్రగా కాగినాక రెండోది. అప్పుడే శబ్దం వచ్చేది. ఈ గెయిన్ అనే నాబు ఎక్కువ పెడితే, మాస్టర్ అనే నాబు రెండు దాటకూడదు. గిటారును దీని మూతి ముందర పెట్టనే కూడదు."

"పెడితే ఏమవుతాది?"

"దీని శబ్దమే పోయి తీగలకు తగులుతాది. మళ్ళా దీంట్లోకే వచ్చి ఇంకా పెద్దదై బయటికి పోతాది. అట్లే తిరిగి తిరిగి ఊళ వేస్తాది."

"మన వీధిలో చాడీ మాదిరి."

"అంతే. నువ్వు మాత్రం ముట్టుకోవద్దు."

ఇంత చెబితే నా బుర్రలో మిగిలినవి రెండే: ఎర్రగా కాగే బుడ్లు, రెండు స్విచ్చిలు. హీటరు కాక మరేమిటి?

పెట్టెను ఈడ్చి దాని వీపు పురుగుల తట్టలవైపు తిప్పాను. అలా తిప్పితే దాని మూతి సరిగ్గా గోడకు ఆనించి ఉన్న గిటారుకు ఎదురుగా వచ్చింది. గిటారు నుంచి పెట్టెకు తీగ తగిలించే ఉంది. అయినా నా ధ్యాసంతా వీపు మీదే. మొదటి స్విచ్చి వేశాను. కాసేపటికి బుడ్లు నిప్పుకణికల్లా వెలిగాయి. చెయ్యి పెడితే హాయిగా వెచ్చన. ఇల్లలకగానే పండగ కాదంటారు. ఎర్రబడిందల్లా కుంపటి కాదని కూడా చేర్చి ఉంటే నాకు ఉపయోగపడేది.

ఎర్రగీత కదల్లేదు. వేడి చాలలేదు, పెంచాలి. పెట్టె పైన నాబులు, వాటి చుట్టూ సున్నా నుంచి పది దాకా అంకెలు. గ్యాసు స్టవ్ లాంటిదే కదా! నేను యాభై రెండేళ్ళకు మహిళా సంఘం సాయంత్రపు బడిలో చదువు నేర్చుకున్నదాన్ని. డిక్టేషన్‌లో నాకు ఏనాడూ పదికి ఆరు దాటలేదు. ఆ కసి ఏదో లోపల ఉండే ఉంటుంది. అన్ని నాబులకూ పదికి పది ఇచ్చేశాను.

తర్వాత రెండో కడ్డీ కోసం రెండో స్విచ్చి వేశాను.

మొదట ఒక దోమ. తర్వాత కుక్కర్ విజిల్. ఆ తర్వాత ఆ కుక్కర్ గొంతును ఎవరో పిసుకుతున్నట్టు ఒక ఊళ. రేకులు అదిరాయి. పసిబిడ్డ ఏడిస్తే చేసే పనే చేశాను: గిటారును ఎత్తి గుండెకు హత్తుకున్నాను. పెట్టెవైపు ఒక అడుగు వేస్తే అరుపు, వీపు తిప్పితే మూలుగు. స్విచ్చి ఆపుదామంటే దాని దగ్గరికే పోవాలి, పోతే అది నన్ను తినేసేలా ఉంది. గోడకు ముఖం పెట్టి, తప్పు చేసిన బడిపిల్లలా నిలబడి, భాగ్యకు ఫోను చేశాను.

"నీ గిటారు ఏడుస్తా ఉండాదే!"

"యాడుండావమ్మా?"

"పురుగుల ఇంట్లో!"

"గిటారు మీద చిన్న నాబులుండాయి చూడు. సున్నాకి తిప్పు!"

"ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో గిటారు. మూడో చెయ్యి యాడనుంచి తెచ్చేది?"

అంతలో బయట ఇంకో మోత. అడవి పక్క ఊరు మాది. రాగి చేలమీదికి ఏనుగులు రావడం, జనం పళ్ళేలు వాయించి తరమడం మాకు అలవాటే.

"ఏనుగు! నారాయణమ్మక్క పురుగుల ఇంట్లో దూరింది!"

బ్లీచింగు నీళ్ళలో కాళ్ళు ముంచనిదే చుట్టాలను కూడా గడప దాటనీయని ఇంట్లోకి ఇరవైమంది చెప్పులతో వచ్చేశారు, పళ్ళేలూ గరిటెలూ మోగిస్తూ. ముందు ఎదురింటి వెంకటేశప్ప.

"యాడమ్మా ఏనుగు?"

"ఏనుగు లేదప్పా, గిటారు!"

"ఇంత గిటారుకు అంత గొంతా?"

పక్కింటి రత్నమ్మ ఒక్కతే నేరుగా గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకేసింది. "మా ఆయన వార్తలు పెడితే నేను చేసేది ఇదే" అంది.

నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో గడపమీద మా ఆయన, చంకలో హీటరు.

"ఎవురు వీళ్ళంతా? నా పురుగులేమన్నా జాతర చేస్తా ఉండాయా? బయటికి నడవండి!"

ఎవరూ కదల్లేదు. ఆయన వంగి ఒక్కొక్క తట్టే చూశాడు. పంట పోతే ఏ ముఖంతో ఈ మనిషి పక్కన కూర్చుని తినాలి?

పురుగులన్నీ తలలు పైకెత్తి ఉన్నాయి, ఎలా ఉన్నవి అలాగే. ఊళకూ లేవలేదు, పళ్ళేలకూ లేవలేదు. నాకూ ఒక్కరోజు అలాంటి నిద్ర ఇవ్వమని ఆ పూటే దేవుణ్ణి అడిగాను.

ఆయన గాజుగొట్టం చూశాడు. మళ్ళీ చూశాడు.

"సరిగ్గా ఎంత కావల్నో అంత వేడి ఉండాదే. ఏమి పెట్టినావు?"

నేను గర్వంగా పెట్టెవైపు చూపించాను. రత్నమ్మ పళ్ళెంతో విసురుకుంటూ అంది: "దాని ముఖము! ఇంత చిన్న ఇంట్లో ఇంతమంది దూరినాక ఉక్కపోయకుండా ఉంటాదా?"

మా ఆయన ముఖం మారిపోయింది. "ఎవురూ కదలొద్దండప్పా! నేను హీటరు తగిలించేదాకా ఈడే నిలబడండి. వెంకటేశప్పా, తలుపు మూయి!"

ఇరవైమందీ ఏనుగు రాని ఇంట్లో అరగంట ఊపిరి వదులుతూ నిలబడ్డారు. మర్నాడు పురుగులు జ్వరం దిగి ఆకు మీద పడ్డాయి. నా సెలవు అయిపోయింది. భాగ్య మాత్రం ఫోనులో, "అట్లాంటి ఊళ కోసరం మేము ఎన్ని ఆదివారాలు తంటాలు పడినామో తెలుసా? నీకు ఒక్కసారికే వచ్చింది" అని నిట్టూర్చింది.

కాబట్టి, తలలెత్తి నిలబడిన ఆ పురుగుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ నాబుకూ రెండుకు మించి మార్కులు వేయను. రెండో స్విచ్చి ఎందుకుందో నలుగురిని అడగకుండా ముట్టను. నాలుగో జ్వరంలో చలి మరీ ఎక్కువైతే కరెంటు జోలికే పోను. వాకిట్లోకి వెళ్ళి "ఏనుగు!" అని ఒక్క కేక వేస్తాను.