మధ్యాహ్నం ఎక్కని బరువు

ఓపెన్‌కాస్టు గని నుంచి పైకి వచ్చే ఎత్తురోడ్డు సగంలో మట్టి నిండిన డంపరును ఆపేశాను. ఇంజను నల్లపొగ కక్కుతోంది. ఇంకా తొక్కితే వెనక్కి జారేలా ఉంది. వెనక డంపరును వాకీటాకీలో ఆగమన్నాను.

అది మే నెల, మధ్యాహ్నం మొదలయ్యే రెండో షిఫ్టు. వేడికి గాలి పలుచబడితే ఇంజను బలం తగ్గుతుంది. పొద్దున అవలీలగా లాగిన బరువే అప్పుడు మొరాయిస్తుంది.

సూపర్‌వైజరు జీపులో వచ్చాడు. ఒకప్పుడు ఆయనా డంపరు నడిపినవాడే.

"పొద్దుగాల ఎక్కిన బండే కదరా! నిద్రొస్తుందా?"

"ఎక్కి నడిపి సూడుండ్రి సార్."

ఆయనే ఎక్కి తొక్కితే పది గజాలకే ఇంజను ఆగిపోయింది. బ్రేకు వేసి దిగాడు.

భయపడినా, బరువు తగ్గిస్తేనే ఎక్కిస్తానన్న మాట మీద నిలబడ్డాను. ఇప్పుడు ఎండపూట తవ్వే యంత్రంతో డంపరుకు రెండు బకెట్ల మట్టి తక్కువ పోస్తున్నారు. పని ఆపానని ఆ రోజు నాకిచ్చిన నోటీసును మాత్రం ఇంకా వాపసు తీసుకోలేదు.