డాక్టరమ్మ కారు కింద ఎర్ర నూనె

మే నెల. పొద్దున పదకొండున్నరకు నందికొండల దిగిన. నీడల ఉన్న బండ సుత కాలుతాంది. అరవైల మొదటి ఏండ్లు. కృష్ణ మీద డ్యాం లేస్తాంది. ఏరు దాటే పడవల శిక్షణకు మా ఫౌజు టుకడిని పంపిండ్రు. పన్నెండు మందిమి, మూడు గుడారాలు, రెండు ట్రక్కులు. నేను బండ్ల మిస్త్రీని. పానాల సంచి, టార్చిలైటు, కిరోసిన్ డబ్బ, గివే నా ఆయుధాలు.

మూడో దినం హవల్దారు పిలిచిండు. "కూలోల్ల దవాఖానకు పో. డాక్టరమ్మ కారు జర చూడు."

పాత అమెరికా కారు. క్లచ్ లేదు. గేర్లు దానంతట అదే మార్చుకుంటది. రోగులను నల్లగొండ పెద్ద దవాఖానకు మోసేది అదే. నలభై మైళ్ళకు పైనే.

డాక్టరమ్మకు యాభై ఏండ్లుంటయి. గంజి పెట్టిన తెల్లచీర. "గేర్‌బాక్సు పోయిందని పట్నం మిస్త్రీ చెప్పిండు. సామాను అమెరికా నుంచి రావాల్నట. గేర్లకు పోసే ఎర్ర నూనె ఇంకొక్క డబ్బనే ఉంది. అదీ కారిపోతే కారు ఇగ కదలదు."

కిందికి దూరిన. అంతటా ఎర్ర నూనె, దాని మీద దుమ్ము. ఎక్కడ మొదలైందో తెలుస్తలేదు. ఇంజన్ నూనె నల్లగుంటది, కాబట్టి ఇంజన్‌ది కాదు. కిరోసిన్‌తోని మొత్తం కడిగి తుడిచిన. ఆరినంక డాక్టరమ్మను మొఖానికి పూసే పౌడరు అడిగిన.

"కారుకు సింగారమా?" అన్నది.

"నూనె యాడ పుడితే ఆడ పౌడరు ఎర్రగైతదమ్మా."

కారు అడుగంతా పౌడరు చల్లిన. తెల్లారి ఆరు గంటలకు ఆరు మైళ్ళు నడిపి తెచ్చిన. కింద చూస్తే పొడి. ఒక్క చుక్క లేదు. నా మతి పోయింది. ఇంజన్ బంద్ చేసి ఆడనే పండుకున్న. టార్చి వెలుగు ఒక్క జాగా నుంచి ఇంకో జాగాకు. ఇరవై నిమిషాలకు కనబడ్డది. ఎడమ పక్క గేర్ల కడ్డీ గేర్‌బాక్సు లోపలికి పోయే కాడ పౌడరు మీద సన్నటి ఎర్ర గీత.

అప్పుడు అర్థమైంది. బండి నడుస్తుంటే నూనె పైన తిరుగుతది. ఆగినంక కింది తొట్టిలకు దిగుతది, మట్టం కడ్డీ దాకా లేస్తది. నూనె కారకుండ కడ్డీ చుట్టు పెట్టిన తోలు వాషరు ఎండి పగిలింది. గేర్‌బాక్సుకు ఏం కాలె. రూపాయి బిళ్ళంత తోలుకు అంత పెద్ద కారును మూలకు పెడుతున్నరు!

రాళ్ళు మోసే యేసోబు తోలుపనిల మొనగాడని దవాఖాన ఆయా చెప్పింది. పిలిస్తే వచ్చిండు. నా బూటు నాలుక కోసి ఇయ్యబోయిన. ముట్టుకొని చూసి నవ్విండు. "గిది నిలవదు సాబ్. బర్రె తోలు గావాలె." ఆయన కోసిచ్చిన బిళ్ళను ఒక దినం ఆముదంల నానేసినం. మర్నాడు పదింటికి బిగించిన. ఆఖరి డబ్బ పోసిన.

పదకొండింటికి ఒక కూలామెను మంచం మీద మోసుకొచ్చిండ్రు. నొప్పులు. కడుపుల బిడ్డ అడ్డం తిరిగింది. బస్సు పొద్దుగాలనే పోయింది. మా వైర్‌లెస్ ఆపరేటరు ట్రక్కులను పిలిచిండు.

"ఎప్పుడొస్తరు? ఓవర్."

"ఏటి అవతల ఉన్నం. రేపే. ఓవర్."

హవల్దారు నా దిక్కు చూసిండు. "నీ పని మీద నమ్మకముందా?"

"ఉంది సాబ్."

"అయితే నువ్వే నడుపు."

వెనక సీటుల ఆమె, ఆమె తల పట్టుకొని డాక్టరమ్మ. ఎర్రమట్టి తొవ్వ, గుంతలు, వడగాలి. గేర్లు వెన్నలెక్క మారుతున్నయి. ఒంటిగంట దాటి పది నిమిషాలకు పెద్ద దవాఖాన గేట్ల దూరినం.

నాలుగింటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. "ఆడపిల్ల. తల్లీబిడ్డ ఇద్దరూ మంచిగున్నరు. కారు?"

"మూడు గంటలు నిలబడ్డదమ్మా. మీరే చూడుండ్రి."

ఆరు వారాలకు మా టుకడి గుడారాలు పీకింది. తర్వాత సరిహద్దుకు పోయిన, గుండ్ల చప్పుడు విన్న, పింఛను మీద ఇంటికొచ్చిన. యుద్ధం ముచ్చట చెప్పుమని ఊర్ల అడుగుతరు. చెప్త. కానీ కండ్లు మూస్తే కనబడేది వేరు. నల్లగొండ దవాఖాన ముంగిట, అందరూ చూస్తుండంగ, తెల్లచీర డాక్టరమ్మ దుమ్ముల బోర్ల పండుకొని కారు కిందికి తల పెట్టింది. "ఒక్క చుక్క లేదయ్యా!" అని కేకేసింది. లేచి నిలబడ్డది. ఒక చెంపంత ఎర్రమట్టి. దాన్ని తుడుసుకోకుండనే నవ్వుతాంది.