మా ఇంటిల్లిపాదీ పట్టిన దొంగ

మా ఇంటివాళ్లు ఒకప్పుడు గొర్రెల దొంగను పట్టారని చిట్యాల చుట్టుపక్కల ఇప్పటికీ చెప్పుకుంటారు. అది తప్పు. ఆ దొంగతనం అసలు జరగలేదు.

చిట్యాలలో డేరా సినిమా వేసిన ఏడాది, ఒక కుటుంబమంతా కలిసి దొంగలను పట్టే హాస్యచిత్రం ఆడింది. మేం ఇంటిల్లిపాదీ వెళ్లాం. గొర్రెలకు కాపలా ఎవరినీ ఉంచలేదు. జనం పడీపడీ నవ్వుతుంటే మా బాపు మాత్రం పాఠం వింటున్నట్టు కూర్చున్నాడు. తెల్లవారి చూస్తే దొడ్డిలో పెద్ద పొట్టేలు లేదు.

బాపు ముఖంలో బాధ కనిపించలేదు, బాధ్యత కనిపించింది.

"ఎవ్వరు ఏం ముట్టొద్దు" అన్నాడు. అప్పటికే మిగిలిన గొర్రెలు అడుగుజాడలన్నీ తొక్కేశాయి.

బావి దగ్గర మాటలు వినే పని అమ్మకు, సంతలో తిరిగే పని చిన్నాయనకు పడింది. సినిమాలో అందరికంటే ఎక్కువ వెతికినవాడే చివరికి దొంగగా తేలాడు. బాపు ఆ సూత్రం వదల్లేదు.

మా పొట్టేలు కోసం అందరికంటే ఎక్కువ వెతికింది మా బావ, అక్క మొగుడు. ఊళ్లోనే ఉండేవాడు. తన మందను పక్కింటివాళ్లకు అప్పగించి, కాలికి ముల్లు దిగితే గుడ్డ కట్టుకుని మరీ తిరిగాడు.

"ఏం అల్లుడా, మస్తు తిరుగుతున్నవ్?" అన్నాడు బాపు.

"మనింటి పొట్టేలు గద మామా."

బావ అటు వెళ్లగానే బాపు నా వైపు తిరిగాడు. "మనింటిది అన్నడు, ఇన్నవా?"

"వానికేం కర్మ? వాని మందల పొట్టేళ్లు లెవ్వా?" అంది అమ్మ.

"సినిమాల దొంగ గూడ ఉన్నోడే."

వారం తిరక్కముందే పొట్టేలు రెండూళ్ల అవతల ఇంకొకరి మందలో దొరికింది. అదే వచ్చి కలిసిందన్నాడు ఆ కాపరి. మా పరిశోధనకు భయపడి దొంగ వదిలేశాడని బాపు తేల్చాడు. ఆ దొంగ ఎవరో ఊరంతా చెప్పుకుంది. కల్లు దుకాణంలో బావ వచ్చి కూర్చుంటే పక్కవాళ్లు గొంగళ్లు దగ్గరికి లాక్కునేవాళ్లు. ఆ ఎండాకాలమే అతడు మంద అమ్మేసి, అక్కను తీసుకుని నందికొండకు డ్యాం పనికి వెళ్లిపోయాడు.

సినిమాకు ఆలస్యమవుతుందని దొడ్డికి ముళ్లకంప అడ్డం పెట్టనిది నేను. తెల్లవారి అందరికంటే ముందు లేచి పెట్టిందీ నేనే. అప్పటికి నాకు పెళ్లయింది, చిన్నపిల్లవాణ్ణి కాదు.

కొన్నేళ్లకు నందికొండ వెళ్లి బావకు చెప్పాను. నెత్తి మీది తట్ట దించి విన్నాడు.

"నాకెందుకు చెప్తున్నవ్ బామ్మర్దీ? నేను దొంగను కానని నాకు ఎర్కనే. పోయి మీ బాపుకు చెప్పు."

చెప్పాను. బాపు నన్ను చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"బావ మీద నీకెంత పాణం బిడ్డా! వాని తప్పు నీ మీదేసుకుంటున్నవ్."

"కాదు బాపూ, నిజంగ నేనే."

"సినిమాల ఆ దొంగ వాళ్ల తమ్ముడు గూడ గిట్లనే అంటడు. జడ్జి నమ్మలే."

పొద్దు గుంకేసరికి ఊళ్లో నాకు మంచివాడని పేరొచ్చింది.

ఇప్పుడు బాపు లేడు. అక్క పుట్టింటికి వస్తుంది. బావ ఆమెను చిట్యాల రోడ్డు మీద దింపి, ఎదురు బస్సెక్కి వెళ్లిపోతాడు. మొన్న వచ్చినప్పుడు అక్క అడిగింది.

"బాపుతోని నువ్వన్నది నిజమేనా తమ్మీ?"

"నిజమే అక్కా. కంప పెట్టంది నేనే."

అక్క నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు మంచోనివి రా" అంది.