సిపాయి ఒప్పుకున్నాడట

తొంభైల్లో మేం పాతబస్తీలోని మొఘల్‌పురాలో అద్దెకుండేవాళ్లం. కోస్తా నుంచి వచ్చిన గవర్నమెంటు గుమాస్తాను కనుక, గల్లీలో ఎవరికి అర్జీ కావాలన్నా నా దగ్గరకే వచ్చేవారు. ఒకరోజు పక్క వాటాలోని సిపాయి, భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. సైన్యంలో పదకొండేళ్ల నౌకరీ. సెలవు మీద ఇంటికొచ్చి, పన్నెండు రోజులు ఆలస్యంగా తిరిగి వెళ్లాడని డిస్మిస్ చేశారు.

అల్లర్ల వల్ల ఆ పన్నెండు రోజులూ మా పేటంతా కర్ఫ్యూ. పాల కోసం గల్లీ దాటినవాళ్లకు లాఠీ దెబ్బలు పడ్డాయి. రైల్వే స్టేషన్‌కు ఎలా పోతాడు? కర్ఫ్యూ ఎత్తేశాక ఆ సంగతే ఠాణాలో రాయించి, ముద్ర వేయించుకుని మరీ వెళ్లాడు.

అక్కడ విచారణ అరగంటలో అయిపోయింది. అతని మీద పైఅధికారిగా ఉన్న కమాండింగ్ ఆఫీసరే న్యాయమూర్తి. నిందితుడికి సాయంగా ‘మిత్రుడు’ అనే పేరుతో ఒక అధికారిని పక్కన కూర్చోబెట్టారు.

“ఆ మిత్రుడు నీ తరఫున ఏమన్నాడు?” అని అడిగాను.

“ఏమనలే సార్. ఆయనకు గక్కడ మాట్లాడే హక్కు లేదంట. సప్పుడు జెయ్యక కూసున్నడు.”

విచారణ కాగితాల నకలు చూశాను. ‘నిందితుడు నేరం ఒప్పుకున్నాడు’ అని టైపు చేసి ఉంది. దాని కింద అతని సంతకం లేదు. ఠాణా కాగితం ఊసే లేదు.

“ఒప్పుకున్నావా?”

“లేదు సార్. కర్ఫ్యూ ఉండె అని చెప్పిన. కాగితం గూడ ఇచ్చిన.”

“అయితే ఇది అబద్ధమని రాస్తాను.”

కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “గట్ల రాయొద్దు సార్. సాబ్ అబద్ధం రాయడు. నేనే ఏదో అన్నట్టున్న. మాఫీ చెయ్యమని రాయుండ్రి, చాలు.”

“నీకంటే ఆ మిత్రుడే నయం,” అంది భార్య. “ఆయన నోరు మూసుకున్నడు. నువ్వు నీ మీద నువ్వే సాక్ష్యం చెప్తున్నవ్.”

నాకు ఒళ్లు మండింది. స్వామీజీల పాదాలు కడిగిన నీళ్లు తాగేవాళ్లతో ఏళ్ల తరబడి హేతువాదిగా వేదికలెక్కి వాదించినవాణ్ణి. వాళ్లకు మోక్షమైనా వస్తుందని ఆశ. పెద్దాయన సంతకం కనబడగానే ఇతను తన నోటి మాటనే నమ్మడం మానేశాడు. పెద్దలకు ఎదురు చెప్పకూడదని ఇళ్లలో మనం నేర్పుతాం. సైనికుల బ్యారక్‌లలో దానికే క్రమశిక్షణ అని పేరు. ప్రాణమివ్వమని అడిగేవాళ్లు, అతని తరఫున ఒక్క మనిషిని మాట్లాడనిస్తే ఏం కొంప మునుగుతుంది?

ఇంత ఆవేశపడీ, చివరికి అతను అడిగినట్టే మాఫీ అర్జీ రాసిచ్చాను.

ఎనిమిది నెలలకు జవాబొచ్చింది. అర్జీదారు విచారణలో నేరం ఒప్పుకున్నాడు, ఇప్పుడు క్షమాపణ కూడా కోరాడు, కనుక శిక్షను మార్చే కారణం లేదు.

“మాఫీ అడిగితే ఒప్పుకున్నట్టేనా సార్?”

“వాళ్లు అలాగే రాశారు.”

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “అబద్ధం రాసిండ్రు. నేను ఒప్పుకోలే. కోర్టుకు పోదాం పాండ్రి.”

మర్నాడు హైకోర్టు వకీలు కాగితాలన్నీ చదివి, మా అర్జీ దగ్గర ఆగాడు. “నేరం ఒప్పుకోలేదన్న ముక్క ఇందులో ఎందుకు లేదు?”

సిపాయి తల దించుకున్నాడు. అర్జీ రాసింది నేనని వకీలుకు చెప్పాను.