చాయ్ తాగొచ్చేలోపు లెక్క

గోదావరిఖనిలో మా కార్మికుల పొదుపు సంఘానికి పాత లెక్కల సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది రాయడానికి కాంట్రాక్టు మీద ఒక మంథని అమ్మాయిని పెట్టుకున్నాం. ఇంటర్వ్యూ చేసింది నేనే. వెబ్‌సైటుకీ టీవీకీ తేడా తెలియని నేను ఆమెను అరగంట ప్రశ్నించాను. పనిలో చేరాక, ఎవరేం చెప్పినా కీబోర్డు మీంచి చేతులు తీసి, "గట్లనే చేద్దం అన్నా" అనేది.

పాత కంప్యూటర్‌లో నెలాఖరు లెక్క తేలాలంటే ఆఫీసంతా గని క్యాంటీన్‌కు వెళ్ళి చాయ్ తాగి రావాల్సిందే. ఆమె చేసిన కొత్తది రెప్పపాటులో తేల్చేసింది. పాత లెక్కతో సరిపోయింది కూడా. అయినా జవాబు ముందే రాసిపెట్టిందేమోనని మా అందరికీ అనుమానం. పెద్దమనిషిని కదా, నేనే చెప్పాను.

"గింత జల్ది అయితే ఎవలు నమ్ముతరమ్మా? జర నిమ్మళంగ చెయ్యి."

ఆమె నవ్వలేదు. చేతులు తీసి, "గట్లనే చేద్దం అన్నా" అంది.

మర్నాటి నుంచి తెర మీద ఒక చక్రం తిరగసాగింది. మేం చాయ్ తాగి వచ్చేసరికి లెక్క సిద్ధం. అందరం నమ్మాం.

వెళ్ళిపోయే రోజు నన్నొక్కణ్ణే పిలిచి ఒక బటన్ చూపించింది. "జల్ది ఉన్ననాడు ఇది ఒత్తున్రి అన్నా. చక్రం రాదు."

రిటైరయ్యేదాకా నాకా జల్ది రాలేదు.