స్టేజి దిక్కున్న హారన్

నాయిన నాకు మైకు సెట్టు దుకాణం అప్పజెప్పిన నాడు ఒకటే మాట చెప్పిండు. నాలుగు హారన్లు జనం దిక్కు పెట్టు, ఐదోది మాత్రం స్టేజి దిక్కే తిప్పు, మాట్లాడేటోనికి తన గొంతు తనకు వినవడకుంటే మల్ల మనల్ని పిలువడు అన్నడు. మా గూడూరుల ఆడమనిషి మైకు నడుపుడేందని నవ్వినోళ్ళే తర్వాత పెండ్లిళ్ళకు నన్ను పిలిచిండ్రు. నా చేతిల యాంప్లిఫయర్ ఏనాడూ మొరాయించలే. గీ మాట గర్వంగనే చెప్తున్న.

తెలంగాణ కోసం రిలే దీక్షలు నడుస్తున్న రోజులు. శిబిరానికి మైకు నాదే. ఒకనాడు పక్క తండా నుంచి ఒక అక్క వచ్చింది. ఆమె తమ్ముడు దుబాయ్‌ల కూలిపనికి పోయిండు. వాడు అక్కడినుంచే తండోళ్ళతోని తమ భాషల మాట్లాడాలె, అది మైకుల అందరికీ వినవడాలె అన్నది. అప్పటిదాంక ఆ స్టేజి మీద తండా భాష ఒక్క ముక్క గూడ పలకలే. శిబిరం నడిపేది ఊరి పెద్దలు, పటేండ్లు. స్టేజి మీది కుర్చీలు వాళ్ళయే, తండోళ్ళ పక్కన ఏనాడూ నేల మీద కూసోలే. ఆమె నాలుగు రోజులు తిరిగితే, గునుసుకుంట పది నిమిషాలిచ్చిండ్రు. నడవకుంటే మల్ల అడగొద్దన్నరు.

శిబిరం పక్కకే నెట్ సెంటర్ ఉండె. దుబాయ్ మాట ఇంటర్నెట్ మీద కంప్యూటర్‌కు వస్తది. దాన్ని నాకన్న పెద్ద వయసున్న నా యాంప్లిఫయర్‌కు కలుపాలె. ముందు రోజు వైరు గుచ్చి చూస్తే హారన్ల గుయ్యిమని ఒకటే మోత. నెట్ సెంటరాయన గా పాత డబ్బ పారెయ్యమన్నడు. నాకు ఒళ్ళు మండింది. తప్పు డబ్బది గాదు, రెండు మిషన్ల కరెంటు ఒకే వైరుల కలిసి గోల చేస్తున్నయి. నాయిన విప్పి పెట్టిన పాత రేడియోల నుంచి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ తీసి నడుమ కట్టిన. మాట దాటింది, మోత ఆగింది. పారెయ్యమన్నాయనే ఆ డబ్బ మీది దుమ్ము తుడిచిండు.

తెల్లారి మధ్యాహ్నం తండా మొత్తం రెండు ట్రాక్టర్ల దిగి, స్టేజి ముంగట నేల మీద పరిచిన పట్టాల మీద కూసున్నది. దుబాయ్‌ల అన్నం గంట గొట్టంగనే తమ్ముడు లైన్‌లకొచ్చిండు. అక్క స్టేజి మీది మైకు పట్టుకున్నది. ఆ మైకు నుంచి ఇంకో వైరు కంప్యూటర్‌కు గుంజిన. వాడు ఒక మాట అని ఆగిండు. మల్ల మొదలువెట్టి మల్ల ఆగిండు. జనంల గుసగుసలు. స్టేజి మీది పటేలొకాయన గడియారం చూసిండు. అక్క నా దిక్కు చూసింది. నేను కంప్యూటర్ దగ్గరికి ఉరికిన.

ఏమైందని కంప్యూటర్ల అడిగితే తన మాట తనకే ఆలస్యంగ మల్ల వినవడుతున్నదన్నడు. అప్పుడు తెలిసింది, తప్పు నాదే. స్టేజి దిక్కు తిప్పిన హారన్ల వాని మాట మోగి, అక్క చేతిల మైకుల పడి, మల్ల దుబాయ్‌కే పోతున్నది. నాయిన మాటను నేను ఇరవయ్యేండ్ల సంది తప్పలే. ఆనాడు తప్పిన. ఆ హారన్ వైరు పీకేసి, అక్కకు తమ్ముని మాట వినవడెటట్టు ఆమె చెవులకు నెట్ సెంటర్ హెడ్‌ఫోన్ తగిలించిన.

కింద జనానికి గొంతు ఖణేల్మని వినొచ్చింది. స్టేజి మీద మాత్రం సప్పుడు లేదు. తమకు వినొస్తలేదని పటేలు నా మీద గరమైండు.

"కిందికి దిగి కూసోండ్రి పటేలా, మంచిగ వినొస్తది," అన్న.

 ముందు ఒక ముసలి పటేలు కండువా సర్దుకొని దిగిండు, ఆయన ఎనుక మిగిలినోళ్ళు దిగిండ్రు. పట్టాల మీద జాగ లేక తండా ఆడోళ్ళే, అక్కను కన్న అవ్వ గూడ, జర జరిగి చోటిచ్చిండ్రు.

తమ్ముడు మాట్లాడుకుంట పోయిండు. నాకు ఆ భాష సగమే తెలుసు. ఆఖర్ల అడిగింది మాత్రం సమజైంది. పటేండ్లు గూడ వింటున్నరా అన్నడు.

అక్క కిందికి చూసి, మైకు దగ్గరికి తీసుకున్నది.

"వింటున్నరు. మన అవ్వ పక్కకే, కింద కూసున్నరు."

అటు దిక్కు సప్పుడు బందైంది. లైన్ తెగిందనుకొని నేను వైర్లన్నీ ఒత్తి చూసిన. ఏదీ ఊడలే. వాడే మాట్లాడలేకపోతున్నడు.