దేవదానంగారిని అధ్యక్షుణ్ణి చేసిన ఆదివారం

రేపో మాపో పర్మనెంటు కావలసిన నౌకరీని నా రెండు చేతులతో నేనే పోగొట్టుకోబోయిన కథ ఇది. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పుడు నవ్వే ధైర్యం లేకపోయింది కనుక ఇప్పుడు మీతోపాటు నేనూ నవ్వుతాను.

పంతొమ్మిది వందల యాభైల నాటి మాట. మా నాన్న గుడిలో అర్చకుడు. నేను చార్మినార్ దగ్గర ఒక దఫ్తరులో టెంపరరీ గుమాస్తాను. నన్ను పర్మనెంటు చేయమని పైకి రాయవలసిన మనిషి మా హెడ్ క్లర్కు దేవదానంగారు. బైబిలు చదవనిదే మంచినీళ్లు ముట్టని క్రైస్తవుడు. ఆ కాగితం మీద ఆయన సోమవారం సంతకం పెట్టాలి.

ఆ ముందురోజు సాయంత్రం, నేను కార్యదర్శిగా వెలగబెడుతున్న హుస్సేనీ ఆలం లైబ్రరీలో ఉపన్యాసం. మద్రాసు నుంచి ఒక పెద్దాయన వచ్చి యేసును గురించి మాట్లాడతారు. ఆయన యూనిటేరియన్ క్రైస్తవుడని లైబ్రరీకి వచ్చిన ఉత్తరంలో ఉంది. క్రైస్తవుడన్న మాట చాలు నాకు, దాని ముందున్న మాటను ఎవరు పట్టించుకున్నారు? యేసు ఉపన్యాసానికి దేవదానంగారు అధ్యక్షులు! ఇంతటి తెలివి మా వంశంలో ఎవరికీ లేదని పొంగిపోయాను.

దేవదానంగారు ఇస్త్రీ కోటులో వచ్చారు. మెడలో మల్లెదండ వేసి కూర్చోబెట్టాను. పెద్దాయన లేచారు.

"దేవుడు ఒక్కడే. యేసు దేవుడు కాడు, మనలాంటి మనిషే. కాకపోతే మనం అందుకోలేనంత మంచి మనిషి."

ముందు వరసలో ఉన్న మా గల్లీ హకీం సాబ్ కుర్చీలోంచి ఎగిరినంత పని చేశారు. "వాహ్! హమ్ భీ యహీ కహతే హైఁ!" ముసల్మానులమైన మేమూ ఇదే అంటామని ఆయన సంబరం. హకీం సాబ్ అంతటివారు మెచ్చుకున్నాక నేను ఊరుకుంటానా? చప్పట్లు కొట్టాను.

"ఆయన ప్రార్థన చేశాడు. తానే దేవుడైతే ఎవరిని ప్రార్థించాడు? ఆయనకు మొక్కడం కాదు, ఆయన నడిచినట్టు నడవడం మన పని."

ఇంకా గట్టిగా కొట్టాను. దేవదానంగారి ముఖం కందగడ్డయింది. భక్తితో పులకించిపోతున్నారనుకుని వంగి చెవిలో చెప్పాను.

"మీవోళ్లు మస్తు చెప్తున్నరు సార్!"

"గీయన మావోడని నీకెవడు చెప్పిండయ్యా?"

"గదేంది సార్? మీరూ గిదే అంటరు కద?"

"యేసు దేవుడు కాడని నేనంటనా? పుట్టినప్పటి సంది మొక్కుతున్న!"

అక్కడితో నోరు మూసుకోవచ్చు కదా? సర్దిచెప్పబోయాను. "ఫికర్ చెయ్యకుండ్రి సార్. సగం మనిషి, సగం దేవుడు అనుకుంటే లొల్లే లేదు."

"సగమేందయ్యా!" దేవదానంగారు కుర్చీలోంచి లేచి అరిచారు. "పూరా మనిషి! పూరా దేవుడు!"

సభంతా ఆయనవైపు తిరిగింది. మద్రాసు పెద్దాయన కోపగించుకోలేదు. "అధ్యక్షులవారు చెప్పండి, వింటాను," అని కూర్చున్నారు. దేవదానంగారు గంటసేపు మాట్లాడారు. యేసు దేవుడే అన్న ప్రతిసారీ నేను అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాను. నౌకరీ కదా మరి! చివరకు ఎవరూ ఎవరి మాటా ఒప్పుకోలేదు. కానీ చాయ్ తాగుతూ దేవదానంగారు, "మీ మాట తప్పే. అయినా రేపు మాపటికి మా ఇంట్ల బువ్వకు రావాలె," అని పెద్దాయన చేయి పట్టుకున్నారు. నాతో మాత్రం మాట్లాడకుండా వెళ్లిపోయారు.

సోమవారం దేవదానంగారి బల్ల ముందు నిలబడ్డాను.

"దేవుడు కాడని ఆయనంటే సప్పట్లు కొట్టినవ్," అన్నారు తల ఎత్తకుండా. "దేవుడే అని నేనంటే గూడ కొట్టినవ్."

"తప్పయింది సార్."

ఆయన ఫైలు లాక్కుని సంతకం గీకేశారు. "తప్పేందయ్యా? గిట్ల కొట్టెటోడు దఫ్తర్ల ఎప్పుడో పర్మనెంటు కావాల్సినోడు!"

ఆ క్షణమే ఘోర ప్రతిజ్ఞ చేశాను. నేను కార్యదర్శిగా ఉన్నంతకాలం ఎవరి దేవుణ్ణి గురించి ఉపన్యాసమైనా సరే, అధ్యక్షుడి కుర్చీ ఖాళీగానే ఉంచుతానని. ఆ ప్రతిజ్ఞ నేటికీ తప్పలేదు. ఆ ఉపన్యాసం తర్వాత మళ్లీ నన్నెవరూ కార్యదర్శిని చేయలేదు లెండి.